వైసెన్‌జే నుంచి ఒక ఉత్తరం

బెర్లిన్,
అక్టోబరు నెల

ఒరే,

నీ ఉత్తరం అందింది. పొలం సంగతులు, పిల్లల చదువులు, అన్నయ్య ఇల్లు కట్టడం, అన్నీ చదివాను. కానీ "ఆదివారం పూట శ్మశానంలో నీకేం పనిరా?" అని అడిగావు చూడు, ముందు దానికి జవాబు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. అమ్మ కంగారు పడుతోందని కూడా రాశావు. అంతా పట్టపగలు, పదిమందితో కలిసి చేసే పనేనని ఆవిడకు నచ్చజెప్పు. శాసనాల కోసం ఊరూరా తిరిగే నీకైతే వివరంగా చెప్పాలి. పాత సమాధి రాళ్ల మీది పేర్లు చదివి నమోదు చేసే ఈ పని విలువ నీకంటే బాగా తెలిసినవాడు నాకు స్నేహితుల్లో లేడు.

నేను వెళ్తున్నది ఈ నగరానికి ఈశాన్యాన, వైసెన్‌జే అనే పేటలో ఉన్న యూదుల శ్మశానవాటికకు. 42 హెక్టార్లు, అంటే మన లెక్కలో నూరెకరాల పైనే. 1880 సెప్టెంబరులో తెరిచారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా లక్షా పదిహేను వేలకు పైగా ఖననాలు జరిగాయి, ఇంకా జరుగుతున్నాయి. ప్రవేశద్వారం దగ్గర పసుపుపచ్చ ఇటుకల భవనాలు, వాటి వెనుక వరండాలు ఉంటాయి. ఆ భవనాలనూ, మొత్తం నేలనూ రూపకల్పన చేసినవాడు హూగో లిఖ్ట్ అనే వాస్తుశిల్పి. నేలను చతురస్రాలుగా, త్రికోణాలుగా కోసి, మధ్య మధ్య గుండ్రటి కూడళ్లు పెట్టాడు. లోపలికి నడిస్తే పట్నం వీధుల్లో నడిచినట్టే ఉంటుంది. ప్రతి విభాగానికీ ఒక అక్షరం, ఒక అంకె. మగవాళ్లు తల కప్పుకోకుండా లోపలికి వెళ్లకూడదు. శనివారం తెరవరు కాబట్టే మా పని ఆదివారాలకు పడింది.

ఇక్కడ ఒక సంగతి ముందు తెలియాలి. జర్మనీలో మామూలు శ్మశానాల్లో సమాధి స్థలం ఇరవై ఏళ్లకో, ఆ మాత్రం కాలానికో అద్దెకిస్తారు. గడువు తీరాక బంధువులు డబ్బు కట్టకపోతే రాయి తీసేసి ఆ చోటు ఇంకొకరికి ఇస్తారు. యూదుల ధర్మం దానికి ఒప్పుకోదు. ఒకసారి మట్టిలో పడుకోబెట్టిన మనిషిని కదిలించరు. ఆ చోటు ఎప్పటికీ ఆ మనిషిదే. మరి ఎప్పటికీ అంటే ఎవరు చూసుకోవాలి? కొడుకులు, మనవలు, మునిమనవలు. 1933లో ఈ నగరంలో లక్షా అరవై వేల మంది యూదులు ఉండేవారు. ఆ తర్వాత పన్నెండేళ్ల నాజీ పాలనలో వెళ్లగలిగినవాళ్లు దేశాలు పట్టిపోయారు, యాభై అయిదు వేల మందిని చంపేశారు. అలా ఈ నూరెకరాల్లో అత్యధిక సమాధులకు చూసుకునే మనిషి లేకుండా పోయాడు. రాళ్లు నిలబడ్డాయి, వాటి మధ్య ఎవరూ నాటని మొక్కలు మొలిచాయి, అవి ఇప్పుడు మానులయ్యాయి.

ఆశ్చర్యం ఏమిటంటే కాగితాలు మిగిలాయి. 1880 సెప్టెంబరు 22న జరిగిన మొదటి ఖననం, లూయీ గ్రూన్‌బామ్ అనే ఆయనది, అక్కడి నుంచి రిజిస్టర్లు, కార్డులు దాదాపు చెక్కుచెదరకుండా ఉన్నాయి. పేరు, తేదీ, విభాగం, వరుస, సమాధి సంఖ్య. యుద్ధకాలంలో బాంబులు పడి వేలాది సమాధులు దెబ్బతిన్నా, ఆ కాగితాలు దక్కాయి. మార్టిన్ రీసెన్‌బుర్గర్ అనే మతగురువు యుద్ధం సాగినంత కాలం ఇక్కడే ఉండి చనిపోయినవాళ్లకు సంప్రదాయం ప్రకారం అంత్యక్రియలు జరిపించాడు. నగరంలో యూదులకు మిగతా తలుపులన్నీ మూసేసిన కాలంలో ఈ చోటు పనిచేస్తూనే ఉంది. పార్కుల్లోకి రానివ్వని యూదు పిల్లలు ఈ చెట్ల కిందే ఆడుకున్నారు. ప్రాణాలు దక్కించుకోవడానికి కొందరు పెద్ద సమాధి మందిరాల్లో దాక్కున్నారు. యోజెఫ్ ష్వార్ట్స్ అనే గాయకుడి సమాధి మందిరం అలా ఆశ్రయమైన వాటిలో ఒకటి. రీసెన్‌బుర్గర్ 1965లో పోయాడు, ఆయన సమాధి కూడా ఇక్కడే. నేను అక్కడికి వెళ్లిన ప్రతిసారీ ఒక గులకరాయి పెట్టి వస్తాను. పూలు పెట్టడం వీళ్ల ఆచారం కాదు.

ఇక మా పని. 2010 నుంచి 2012 దాకా బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్లు, నగర స్మారక కట్టడాల పరిరక్షణ శాఖతోనూ యూదు సంఘంతోనూ కలిసి, మొత్తం శ్మశానాన్ని విభాగం విభాగంగా సర్వే చేశారు. ఏ రాయి, ఏ ఆకారం, ఎంత దెబ్బతింది, శాసనం ఏ భాషలో ఉంది, అన్నీ నమోదు చేశారు. అది పెద్ద పునాది. అయినా వానకు, మంచుకు రాయి మారుతూనే ఉంటుంది కదా. మా బృందం చేసేది చిన్న పని: మాకు అప్పగించిన వరుసలో తీగలు తొలగించి, అక్షరాలు చదివి, ఫోటో తీసి, కార్డులోని పేరుతో సరిపోల్చి రాసిపెట్టడం.

నీకు బాగా నచ్చే ముక్క ఇది. పాత రాళ్లకు ఒకవైపు హీబ్రూ, ఇంకోవైపు జర్మన్ ఉంటాయి. జర్మన్ వైపు ఇంటిపేరు, పుట్టిన తేదీ, పెళ్లయిన ఆడవాళ్లకైతే పుట్టింటిపేరు దొరుకుతాయి. హీబ్రూ వైపు "ఫలానావాడి కొడుకు ఫలానావాడు" అని తండ్రి పేరు ఉంటుంది. జర్మన్ కాగితాల్లో తెగిపోయిన వంశం ఒక్కోసారి ఆ తండ్రి పేరుతో అతుక్కుంటుంది. సంవత్సరాన్ని అంకెల్లో రాయరు, అక్షరాల్లో రాస్తారు. ఆలెఫ్ ఒకటి, యోద్ పది, కోఫ్ నూరు, తావ్ నాలుగు వందలు, ఇలా ప్రతి అక్షరానికీ ఒక విలువ. వేల స్థానం వదిలేస్తారు. తావ్, రేష్, నూన్, ఆలెఫ్ అని ఉంటే 400, 200, 50, 1 కలిపి 651. దానికి 1240 కలిపితే 1891. శక సంవత్సరానికి నువ్వు 78 కలిపినట్టే! వాళ్ల కొత్త సంవత్సరం సెప్టెంబరు, అక్టోబరుల్లో వస్తుంది కాబట్టి అక్కడి నుంచి డిసెంబరు చివరిదాకా వచ్చే తేదీలకు ఒకటి తగ్గించాలి. నువ్వు చైత్రం దాటిందా లేదా అని తర్జనభర్జన పడే ఘట్టం నాకు ఇక్కడ అక్షరాలా ఎదురవుతోంది.

రాయి పైన రెండక్షరాలు, పే, నూన్, ఉంటే "ఇక్కడ ఖననమై ఉన్నారు" అని. అడుగున అయిదు అక్షరాలు ఉంటాయి. ఆ ప్రాణం జీవుల మూటలో పదిలంగా ఉండాలని బైబిలు మాటను కుదించి చెక్కే దీవెన అది. మధ్యలో అంతా అరిగిపోయినా ఈ రెండూ కనిపిస్తే శాసనం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలుస్తుంది. రెండు అరచేతులు చెక్కి ఉంటే పూజారుల వంశం, నీళ్ల కూజా ఉంటే లేవీయులు, అంటే ఆ పూజారులకు ఆలయంలో సాయపడే వంశం.

అరిగిన రాయిని చూస్తే చేయి ఊరుకోదు, రుద్దాలనిపిస్తుంది. అది మాత్రం చేయకూడదు. తీగ బ్రష్షు ఒక్కసారి తగిలితే వందేళ్ల వాన చేయని చెరుపు ఇసుకరాయికి జరుగుతుంది. మెత్తని కుంచె, మామూలు నీళ్లు, అంతే. పిండో, నురగో పూసి అక్షరాలు తేల్చే పద్ధతి కూడా ఇక్కడ నిషేధం. ఆ పొడి రాతి రంధ్రాల్లో నిలిచి తేమను పట్టుకుంటుంది. ఐవీ తీగ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. లాగితే రాతి పొర కూడా ఊడొస్తుంది. అందుకే వేరు దగ్గర కోసి, అది ఎండేదాకా వదిలేస్తాం. నల్ల గ్రానైటు రాళ్లు మాత్రం నూరేళ్లయినా అద్దంలా ఉన్నాయి.

చెట్ల గురించి బృందంలో వాదన తెగదు. మొత్తం కొట్టేసి 1900 నాటి శ్మశానంలా తీర్చిదిద్దాలని ఒకరంటారు. ఇప్పుడిక్కడ గబ్బిలాలు, అరుదైన నాచులు, పక్షులు ఉన్నాయి, ఒక్క కొమ్మ కూడా తాకవద్దని ఇంకొకరంటారు. నా మనసుకు తోచింది నీకు చెప్తాను. సమాధిని చీల్చుకుంటూ పెరిగిన చెట్టును తీయాలి, తక్కినవి ఉండాలి. డెబ్బై ఎనభై ఏళ్లు ఎవరూ రాలేదని ఆ చెట్లు చెబుతున్నాయి. వాటిని నరికి తోటలా మెరిపిస్తే, ఆ రాలేకపోవడమే జరగనట్టు అయిపోతుంది. పడిపోయిన రాయిని లేపి నిలబెట్టడం కంటే, ముందు శాసనం పైకి కనిపించేలా భద్రంగా పడుకోబెట్టి, దాని చోటు తప్పిపోకుండా చూడటం ముఖ్యం అని కూడా నా నమ్మకం.

పేరున్నవాళ్లు చాలామందే ఉన్నారు. పత్రికాధిపతి రుడోల్ఫ్ మోసె, ప్రచురణకర్త సామ్యూల్ ఫిషర్, చిత్రకారుడు లెస్సర్ ఊరీ, పెద్ద దుకాణాల హెర్మాన్ టీట్స్, హోటళ్ల కెంపిన్‌స్కీ. పేరుమోసిన వాస్తుశిల్పి వాల్టర్ గ్రోపియుస్ రూపకల్పన చేసిన సమాధి కూడా ఒకటుంది. సందర్శకులు ఫోటోలు తీసుకునేది వీటి దగ్గరే. నన్ను ఆపేసేవి మాత్రం జంట సమాధులు. ఒకే రాయి, సగంలో భర్త పేరు, 1930ల్లో ఏదో ఒక తేదీ. రెండో సగం ఖాళీ, నున్నగా. ఆవిడ తన చోటు సిద్ధం చేసుకుని ఉంచుకుంది. ఆమెను రైల్లో తూర్పుకు పంపారు. కొన్ని రాళ్ల మీద తర్వాతి కాలంలో వేరే దేశం నుంచి వచ్చిన బిడ్డలు "ఆష్విట్జ్‌లో చంపబడింది" అనో "తెరెజియెన్‌ష్టాట్" అనో చిన్న అక్షరాల్లో చెక్కించారు. ఆ రెండూ నాజీల నిర్బంధ శిబిరాలు. మిగతావి ఖాళీగానే ఉన్నాయి. అలాంటి రాయి కనబడితే మేము ఫారంలో ఖాళీ సగాన్ని కూడా కొలిచి రాస్తాం. అలా రాయాలని నేనే పట్టుబట్టాను. ఆ ఖాళీ కూడా శాసనమే కదరా.

1941 తర్వాత, శిబిరాలకు తరలిస్తామన్న నోటీసు అందిన రోజునే ప్రాణం తీసుకున్నవాళ్ల వరుసలు ఉన్నాయి. నిర్బంధ శిబిరాల నుంచి బూడిదగా వచ్చినవాళ్ల కలశాలు ఎనిమిది వందలకు పైగా ఒక చోట ఉన్నాయి. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ తరఫున పోరాడి చనిపోయిన యూదు సైనికులకు వేరే విభాగం ఉంది. దాని స్మారకాన్ని 1927లో రూపొందించిన అలెగ్జాండర్ బేర్‌నే ఆ తర్వాత తెరెజియెన్‌ష్టాట్‌కు తీసుకెళ్లారు, 1944లో అక్కడే పోయాడు. దీని మీద ఇంకేమీ రాయలేను.

కాపాడటం అంటే తీగలు కోయడం ఒక్కటే కాదని 1986 నాటి గొడవ చెబుతుంది. అప్పుడిది తూర్పు జర్మనీ. శ్మశానం మధ్యగా ఒక పెద్ద రోడ్డు వేయాలని ప్రణాళిక వేశారు. యూదు సంఘాలు గట్టిగా అడ్డుపడ్డాయి, సంగతి ఆ దేశాధినేత హోనెకర్ దాకా వెళ్లింది, చివరికి ఆగింది. ఇంకో విశేషం విను. ఈ శ్మశానం పక్కన పోయే వీధి పేరు ఇందిరాగాంధీ వీధి! మొదటిసారి ఆ బోర్డు చూసినప్పుడు నువ్వు పక్కన ఉంటే బాగుండుననిపించింది.

అన్ని చోట్లా రోడ్డు ఆగలేదు, రాయి దక్కలేదు. ఈ నగరం నడిబొడ్డున గ్రోసె హాంబుర్గర్ వీధిలో 1672 నుంచి 1827 దాకా వాడిన శ్మశానం ఉండేది. మోజెస్ మెండెల్‌సోన్ వంటి తత్త్వవేత్తను అక్కడే ఖననం చేశారు. 1943లో నాజీల రహస్య పోలీసు దళం గెస్టపో దాన్ని తవ్వి చదును చేయించింది. ఇప్పుడక్కడ పచ్చికా, మెండెల్‌సోన్ పేరుతో తర్వాత నిలిపిన ఒక రాయీ ఉన్నాయి. ఇంకా వెనక్కి వెళ్తే ష్పాండావ్ కోట ఉంది. 1510లో యూదులను ఈ ప్రాంతం నుంచి తరిమేశాక వాళ్ల సమాధి రాళ్లను తెచ్చి కోట కట్టడంలో వాడుకున్నారు. గోడల్లోంచి బయటపడిన ఆ రాళ్లలో 1244 నాటిది కూడా ఉంది. గుడి మెట్లకు శాసనం రాయి వాడారని నువ్వు ఎంత బాధపడ్డావో నాకు గుర్తుంది.

అందుకే నాకు రిజిస్టరు మీద ఇంత పట్టుదల. రాయి పోయినా పేరూ, చోటూ కలిసి ఒక కాగితం మీద ఉంటే మనిషి పూర్తిగా పోడు. కార్డు ఉండి రాయి దొరకకపోతే వెతకవచ్చు. రాయి ఉండి కార్డుతో కలవకపోతే ఎవరో ఒక మునిమనవరాలు వేరే ఖండం నుంచి ఉత్తరం రాసినప్పుడు మనం చూపించలేం. అలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. ఈ వేసవిలో ఒక పెద్దావిడ వచ్చి తన ముత్తాత వరుస ముందు చాలాసేపు నిలబడింది. మేము చదివిన తండ్రి పేరు ఆవిడకు అప్పటిదాకా తెలియదు. చేతిలో పుస్తకం తెరిచి ఆ పేరు రాసుకుంది.

ఇప్పుడు నీతో అవసరం. మచిలీపట్నం డచ్చి సమాధుల దగ్గర నువ్వు తీసిన ఫోటోల్లో అరిగిన అక్షరాలు అంత స్పష్టంగా ఎలా వచ్చాయి? దీపం పక్క నుంచి ఏటవాలుగా పెట్టానన్నావు, ఎంత ఎత్తులో, ఎంత దూరంలో పెట్టావు? చెట్ల కింద చీకటిగా ఉండే వరుస ఒకటి మాకు మిగిలింది. ఇసుకరాయి, అక్షరం లోతు ఏమీ లేదు. అచ్చు తీయడానికి కాగితం అంటించనివ్వరు, రాయి ఓర్చుకోదు. కాబట్టి వెలుగే దిక్కు. కుదిరితే బొమ్మ గీసి పంపు, మంచు కురవకముందే ప్రయత్నిస్తాం.

అన్నయ్య ఇంటికి డబ్బు సర్దే విషయం వేరుగా ఫోనులో మాట్లాడతాను. చిన్నవాడిని లెక్కల్లో చేర్చడం మంచిదే, వాడికి ఇష్టముంటేనే సుమా. అమ్మకు నా నమస్కారాలు. దీపం సంగతి మరచిపోవద్దు.

నీ
మిత్రుడు