నా చేతికి అండగా నిలబడ్డ వాళ్ళందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ళలో నేనొకణ్ణి. చెక్కుడు పని నాది. నా కుడిచేతికి జబ్బు వచ్చిందని తెలిసి చాలామంది ఫోన్లు చేశారు, ఇంటికొచ్చి పలకరించారు. కొందరు అంతకంటే చాలా ఎక్కువే చేశారు. వాళ్ళకి నలుగురిలో దండం పెట్టాలని ఇది రాస్తున్నాను.

ముందుగా మా హెల్త్ సెంటర్ డాక్టరమ్మకి. షుగర్ మాత్రల కోసం వెళ్ళినప్పుడు, ఉంగరం వేలి కింద అరచేతిలో గట్టిగా తగులుతున్న గడ్డని మాటవరసకి చూపించాను. నొప్పి లేదు. ఉలి పట్టే చేతులకి కాయలు మామూలే కాబట్టి ఇంట్లో కూడా ఎవరికీ అనుమానం రాలేదు. ఆవిడ మాత్రం వదల్లేదు. నొక్కి చూసి, చెయ్యి బల్ల మీద బోర్లా పెట్టమన్నారు. అరచెయ్యి పూర్తిగా ఆనుతోందా లేదా అని వంగి పక్కనుంచి చూశారు. "ఇది కాయ కాదు బాబాయ్ గారూ, చర్మం కింద ఉంది. ఒకసారి చేతుల సర్జన్‌కి చూపించుకోండి" అని చీటీ రాసిచ్చారు. వరండా నిండా జనం ఉన్న రోజది. అయినా నా చేతికి అంత టైమ్ ఇచ్చారు.

ఆ తర్వాత కొన్ని రోజులు చాలా కష్టంగా గడిచాయి. నరాల జబ్బని ఒకరు, పక్షవాతానికి మొదలని ఇంకొకరు. ఒక మందుల షాపులో నరాల బిళ్ళలూ, రాసుకునే నూనే అంటగట్టారు. రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. చెయ్యి పోతే నాకు ఇంకో పని రాదు, అదే టెన్షన్. అప్పుడు పార్వతీపురం నుంచి మా అప్ప, అంటే మా అక్క, వచ్చింది. "ఏటీ అవ్వదురా, పద, నేనొస్తాను" అని నన్ను విశాఖ రైలెక్కించింది. ఆసుపత్రిలో నేను అడగలేని ప్రశ్నలన్నీ తనే అడిగింది. అప్పా, ఆ రోజు నువ్వు లేకపోతే నేను సగం విని, సగం వినక తిరిగొచ్చేసేవాణ్ణి.

విశాఖలో డాక్టరు గారు జబ్బు పేరు కాగితం మీద రాసిచ్చారు: డుప్యుట్రెన్ కాంట్రాక్చర్. 1830ల్లో దీనికి ఆపరేషన్ చేసి చూపించిన ఫ్రెంచి సర్జన్ పేరట. నరానికీ ఎముకకీ సంబంధం లేదు, క్యాన్సర్ అసలే కాదు. అరచేతిలో చర్మం కింద ఒక పొర ఉంటుంది. అది మందమై ముందు గడ్డలా, తర్వాత తాడులా బిగుసుకుని వేలిని లోపలికి లాగుతుంది. ఎక్కువగా ఉంగరం వేలు, చిటికెన వేలు. వంశంలో ఉన్నవాళ్ళకీ, వయసు మళ్ళిన మగవాళ్ళకీ, షుగర్ ఉన్నవాళ్ళకీ, సిగరెట్లూ మందూ ఎక్కువ తాగేవాళ్ళకీ వచ్చే అవకాశం ఎక్కువట. అదిరే మిషన్లు ఏళ్ళ తరబడి పట్టేవాళ్ళలోనూ కనిపిస్తుందట. ఏ నూనే, ఏ బిళ్ళా దీన్ని కరిగించలేదని స్పష్టంగా చెప్పేశారు. ఆ మాట వినడం కష్టమే, కానీ అక్కడితో నా డబ్బు వృథా అవడం ఆగింది.

నా వేలు ఇంకా వంగలేదు. అందుకే ఇప్పుడు కత్తి పెట్టరు. కొందరికి ఏళ్ళ తరబడి ఇలాగే ఉండిపోతుందట, కొందరికి మెల్లగా ముదురుతుందట. వేలి మొదట్లో కీలు సుమారు 30 డిగ్రీలు వంగినా, మధ్య కీలు వంగడం మొదలైనా ఇక ఆలస్యం చెయ్యకుండా రమ్మన్నారు. అప్పుడు సూదితో ఆ తాడుని తెగ్గొట్టడమో, కోసి ఆ పొరని తీసెయ్యడమో చేస్తారట. తీసినా మళ్ళీ వచ్చే అవకాశం ఉందని కూడా దాచకుండా చెప్పారు. డాక్టరు గారూ, ధైర్యం కోసం ఒక్క అబద్ధం కూడా చెప్పకుండా మీరు నాకు ధైర్యం ఇచ్చారు. షుగర్ ఉన్న నా తోటివాళ్ళు కూడా ఒకసారి చెయ్యి బల్ల మీద బోర్లా పెట్టి చూసుకోండి. అరచెయ్యి ఆనకపోతే డాక్టరుకి చూపించండి.

ఫిజియోథెరపీ చదువుతున్న మా మేనకోడలు సెలవులకి వచ్చి నా పనిముట్లన్నీ ముందేసుకుని కూర్చుంది. సన్నటి పిడి గట్టిగా పట్టుకుంటే అరచేతి మీద ఒత్తిడి పడుతుందని, ప్రతి ఉలి పిడికీ పాత సైకిల్ ట్యూబు చుట్టి లావు చేసింది. వేలిని బలవంతంగా వెనక్కి లాగొద్దని వాళ్ళ అత్తకి కూడా గట్టిగా చెప్పి వెళ్ళింది. తల్లీ, నీ చదువు చల్లగా ఉండాలి.

ఇక మా పనివాళ్ళు. వీళ్ళ గురించి ఎంత చెప్పినా తక్కువే. పనస మొద్దుని తొలిచి కుండ, అంటే వీణకి గుండ్రంగా ఉండే బోలు భాగం, చెయ్యడం ఎంత బరువు పనో తెలిసినవాళ్ళకి తెలుసు. నన్ను ఇంట్లో కూర్చోబెడతారనే భయపడ్డాను. పెద్దమావయ్య పిలిచి, "తొలిచే పనీ, మిషను పనీ కుర్రాళ్ళు చూసుకుంటారు. మెట్లు నువ్వు కూర్చు. నీ చెవి ఎక్కడికీ పోలేదు కదా" అన్నారు. మెట్లంటే వీణ తీగల కింద అడ్డంగా ఉండే పట్టీలు. మైనం మీద ఆ 24 మెట్లనీ సుతి చూసుకుంటూ కూర్చడం మా నాన్న నేర్పిందే గానీ, చాలాకాలంగా చెయ్యని పని. మావయ్య పక్కన కూర్చుని మళ్ళీ చేయించారు. ఒక మెట్టు వెంట్రుకవాసి జరిగినా పట్టేసేవారు. కూలిలో ఒక్క రూపాయి తగ్గించలేదు. తమ్ముళ్ళు నా వంతు మొద్దులు కూడా తొలుస్తున్నారు, ఒక్కరి మొహంలో కూడా విసుగు చూడలేదు. నా చేతిలోంచి పని తీసెయ్యకుండా, నా చేతికి తగ్గ పని ఇచ్చారు. జాలి చూపిస్తే తట్టుకోలేకపోయేవాణ్ణి.

చివరిగా, విజయనగరం సంగీత కళాశాలలో చేరిన పాప నాన్నగారికి. మీ వీణ నా వల్లే ఆలస్యమైంది. వేరే వాళ్ళకి ఇచ్చేస్తానని నేనే ఫోన్ చేస్తే, "మీ చేత్తో చేసిందే కావాలి, ఆగుతాం" అన్నారు. కుండా, దానికి అతికే పొడుగాటి దండీ అయిపోయాయి, ఈ వారం మెట్లు మొదలుపెడుతున్నాను. దసరాల్లో మూలా నక్షత్రం నాటికి పాప ముందు పెట్టి పూజ చేసుకునేలా వీణ మీ ఇంటికి చేరుస్తాను.