మార్చిన పాత బైకు అమ్మేవారు కాగితం, ఇనుము రెండూ సరిచూసుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

ఆర్ఎక్స్ 100, ఎజ్డీ, పాత బుల్లెట్లను కెఫే రేసర్లుగా (పాతకాలపు రేసు బండ్ల తీరులో) మార్చి అమ్మకానికి పెడుతున్నారు. ఈ బేరాలు ఎక్కువగా చెడేది ఇంజిన్ దగ్గర కాదు, ఫ్రేము మీద చెక్కిన చాసిస్ నంబరు దగ్గర. ఫ్రేముకు పౌడర్ కోటింగ్ (పొడి చల్లి వేడితో కరిగించే మందపు రంగు) వేయిస్తే చెక్కిన అంకెలు పూడిపోతాయి, పెన్సిల్ ప్రింట్ (నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసే అచ్చు) పడదు. కంగారులో ఎమరీ పేపరుతో రుద్దుతారు. అంకె అంచు అరిగిందా, నంబరు దిద్దారన్న అనుమానం వచ్చి యాజమాన్య బదిలీ అక్కడే ఆగిపోతుంది. కోటింగుకు ముందే నంబరు మీద వేడికి ఆగే టేపు వేయించాలి. ఇప్పటికే పూడితే పెయింట్ రిమూవర్ దూదితో అద్ది, నానాక ప్లాస్టిక్ బ్రష్‌తో తుడవాలి. ఇనుప బ్రష్ ముట్టుకోవద్దు.

ఇంజిన్ నంబరు క్రాంక్‌కేసు (ఇంజిన్ కింది పెట్టె) మీద ఉంటుంది. అందుకే ఆర్ఎక్స్ 100కి ఆర్ఎక్స్ 135 సిలిండర్ బ్లాకు ఎక్కించినా ఆర్సీలో తేడా తెలియదు. అది దాచి అమ్మడం మోసమే. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసేసి ఓపెన్ ఫిల్టర్ పెట్టినవారు మెయిన్ జెట్ (కార్బురేటర్‌లో పెట్రోలు వెళ్లే రంధ్రం) కూడా పెంచారో లేదో చెప్పాలి. పాత జెట్టే ఉంటే గాలి ఎక్కువై, పెట్రోలు చాలక పిస్టన్ పట్టేస్తుంది. కొనేవారు వచ్చేసరికి ఇంజిన్ వేడి చేసి ఉంచకండి, చల్లటి బండికి వారిచేతే కిక్ కొట్టించండి. టూ స్ట్రోక్ బండిలో పొగ తగ్గకుండా గేర్ ఆయిల్ మాత్రం తగ్గుతుంటే క్లచ్ వైపు క్రాంక్ సీల్ (గేర్ ఆయిల్ ఇంజిన్‌లోకి పోకుండా ఆపే రింగు) పోయిందేమో చూడాలి. సీలు మార్పించాకే ధర చెప్పడం న్యాయం.

తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. కాబట్టి తీసేసిన సీటు, మడ్‌గార్డులు, సైలెన్సర్ పాత ఇనుముకు వేయకుండా బండితోపాటే ఇవ్వండి. వెనక ఫ్రేము కోసేస్తే మాత్రం బండి పాత రూపానికి రావడం కష్టం.

వింటేజ్ అంటూ ధర పెంచడమూ సరికాదు. 2021 నిబంధనల్లో ఆ గుర్తింపు 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న వాటికే. ఆర్ఎక్స్ 100 వచ్చిందే 1985లో.

పదిహేనేళ్లు దాటిన ఆర్సీని ముందు ఫారం 25తో రెన్యువల్ చేయించండి. యాజమాన్య బదిలీకి ఇచ్చే ఫారం 29, 30లు ఖాళీగా సంతకం పెట్టి బ్రోకరుకు ఇవ్వకండి. అమ్మిన 14 రోజుల్లో రవాణా శాఖకు తెలపడం అమ్మినవారి బాధ్యత. బండి అమ్మేసినా, ఆర్సీలో పేరున్నవారే ప్రమాద పరిహారానికి బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది.

మీ క్లాసిఫైడ్స్‌లో పాత బైకు ప్రకటన ఇచ్చేవారి చేత ఆర్సీ గడువు తేదీ, చేసిన మార్పులు కూడా రాయించవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
పాత మోటారు సైకిళ్ల మెకానిక్కులు, విజయవాడ