జ్ఞాపకాన్ని పొడి చేసి అమ్మలేరు

సంపాదకుల వారికి,

నాకు రొమ్ము క్యాన్సర్ చికిత్స ముగిసి నాలుగేళ్లు దాటింది. ఆరు నెలలకోసారి బొబ్బిలి నుంచి విశాఖపట్నం వెళ్లి చెకప్ చేయించుకుంటాను. ఆ తేదీ దగ్గరపడిందంటే చాలు, నడుం నొప్పి వచ్చినా, చిన్న దగ్గు వచ్చినా జబ్బు తిరగబెట్టిందేమోనని నిద్ర పట్టదు. ఈ భయం పసిగట్టినవారు ‘ఇమ్యూనిటీ పెంచి క్యాన్సర్‌ను మళ్లీ రానివ్వదు’ అంటూ చూర్ణాలు పట్టుకుని గుమ్మం దాకా వస్తున్నారు. పత్రికల్లోనూ అలాంటి ప్రకటనలు చూసి ఈ లేఖ రాస్తున్నాను.

ఒంటికి జ్ఞాపకం ఉన్న మాట నిజమే. అమ్మవారు ఒకసారి పోసిన మనిషికి మళ్లీ పోయదని మా అమ్మమ్మ అనేది. 1846లో ఫారో దీవుల్లో తట్టు వ్యాపించినప్పుడు, 1781లో అది సోకి బతికిన వృద్ధులకు మళ్లీ రాలేదని డెన్మార్క్ వైద్యుడు పీటర్ పానుమ్ నమోదు చేశాడు. ఒకసారి ఎదుర్కొన్న శత్రువు ఆనవాలును రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాల్లో కొన్ని (టి కణాలు, బి కణాలు) ఏళ్ల తరబడి దాచుకోవడమే ఇందుకు కారణం. అయితే ఏ రోగం జ్ఞాపకం ఆ రోగానిదే. పైగా క్యాన్సర్ కణం దారితప్పిన మన సొంత కణమే కనుక, దాన్ని పరాయిదని పోల్చుకోవడం ఒంటికి చాలా కష్టం.

అలా పోల్చుకోవడం ఒంటికి నేర్పే ప్రయత్నాలు ప్రయోగశాలల్లో సాగుతున్నాయి. క్లోమ క్యాన్సర్‌కు శస్త్రచికిత్స జరిగిన 16 మందికి, ఎవరి కణితి ఆనవాళ్లతో వారికే తయారుచేసిన ఎంఆర్‌ఎన్‌ఏ టీకాను (శత్రువు ఆనవాలును తయారుచేసే సూచనలను కణాలకు అందించే టీకా) ఇతర మందులతో పాటు ఇచ్చిన తొలి ఫలితాలు 2023లో, తర్వాతివి 2025లో వెలువడ్డాయి. ఎనిమిది మందిలో కణితిని గుర్తించే టి కణాలు పుట్టాయి, వారిలో ఆరుగురికి మూడేళ్ల పరిశీలనలోనూ జబ్బు తిరగబెట్టలేదు. పదహారు మందితో ఏదీ తేలిపోదని నాకు తెలుసు, నాది ఆ క్యాన్సరూ కాదు. అయినా ఆ వార్త చదివిన రాత్రి కాస్త కునుకు పట్టింది. అలాంటి వార్తను ‘క్యాన్సర్‌కు టీకా వచ్చేసింది’ అన్న శీర్షికతో కాక, ఉన్నది ఉన్నట్టు రాస్తే మాబోటి వారికి అదే ధైర్యం.

నాతో పాటు చికిత్స పొందిన ఒకావిడ చూర్ణాన్ని నమ్మి, జబ్బు తిరగబెట్టకుండా ఏళ్ల తరబడి వాడవలసిన హార్మోన్ మాత్రలు మానేసింది. క్యాన్సర్‌ను నయం చేస్తామని, రాకుండా ఆపుతామని ప్రకటించడాన్ని 1954 నాటి కేంద్ర చట్టమే నిషేధించింది. ప్రకటన అచ్చుకు వెళ్లే ముందు పత్రికల వారు ఆ చట్టాన్ని ఒక్కసారి చూసుకోవాలని కోరుతున్నాను.

ఒక పాఠకురాలు,
బొబ్బిలి, విజయనగరం జిల్లా