దుప్పికి బిస్కెట్ పెట్టించే యాత్రా కథనాలు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో అచ్చయిన అండమాన్ యాత్రా కథనం గురించి ఈ ఉత్తరం. అది వచ్చిన మర్నాడే రాయవలసింది. ఇంతకంటే తెలిసినవారెవరైనా రాస్తారని, లేదా మీరే ఒక సవరణ వేస్తారని ఎదురుచూశాను. సవరణ రాకపోగా, తరువాతి సంచికలో అదే ఫోటోను పాఠకులు మెచ్చిన చిత్రమంటూ ఇంకాస్త పెద్దదిగా వేశారు. ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

ఒక యువతి ఎవరి తోడూ లేకుండా బయలుదేరి ఒక్క రోజులో ద్వీపాలు తిరిగి రావడం మీద నాకే అభ్యంతరమూ లేదు. పొద్దున పడవలో పక్కన కూర్చున్న ముగ్గురు అపరిచితులు సాయంత్రానికి స్నేహితులైన వైనం ఆమె చక్కగా రాశారు. ఆ వ్యాసంలో చదవదగిన భాగం అదే. నా బాధంతా ఆ నాలుగో స్నేహితుడి గురించి, అంటే ‘అసలైన నేస్తం’ అన్న వ్యాఖ్యతో, ఆమె చేతిలోని క్రీమ్ బిస్కెట్‌కు మూతి చాపిన చుక్కల దుప్పి గురించి.

ఆ ఫోటో తీసినది 2018 దాకా రాస్ అని పిలిచి, ఇప్పుడు నేతాజీ సుభాష్ చంద్రబోస్ పేరు పెట్టిన ద్వీపంలో. అర చదరపు కిలోమీటరు కూడా లేని నేల అది. అండమాన్‌కు దుప్పి సొంత జంతువు కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దొరల వేట సరదా కోసం బయటినుంచి తెచ్చి వదిలిన మందల సంతతి ఇవి. పులి గానీ చిరుత గానీ లేని ఆ ద్వీపాల్లో వాటికి అడ్డు లేకపోయింది. సముద్రాన్ని ఈది ఒక ద్వీపం నుంచి మరో ద్వీపానికి చేరుకొని, మొలకెత్తిన ప్రతి చెట్టునూ మేసి, అడవి తిరిగి ఎదగకుండా చేస్తున్నాయని పరిశోధకులు మొత్తుకుంటున్నారు. ఇలాంటి చోట వాటిని బిస్కెట్లతో మేపడమే ప్రకృతి ప్రేమ అని మీ అనుబంధం తేల్చేసింది!

ఆ ప్రేమ వల్ల దుప్పికైనా మేలు జరుగుతుందా అంటే అదీ లేదు. నెమరు వేసే జంతువు కడుపు ఆకునూ గడ్డినీ అరిగించుకోవడానికి ఏర్పడింది. పిండి, చక్కెర ఒక్కసారిగా పడితే లోపల ఆమ్లం పెరిగి, పొట్ట ఉబ్బి, ప్రాణం మీదికి వస్తుందని పాడిపశువులున్న ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. బిస్కెట్‌తో పాటు దాని కాగితమూ లోపలికి పోతుంది. పైగా మనిషి చేతికి అలవాటైన కొమ్ముల దుప్పి, తిండి పెట్టని చేతినీ, దారిన పోయే పసిపిల్లలనూ ఒకేలా తోస్తుంది. అవి ఎలాగూ మనుషులకు మచ్చికైపోయినవే కదా అని వాదించేవారున్నారు. అంత మచ్చిక చేసింది ఇలాంటి చేతులే గనుక, ఆ వాదన నాకు ఎక్కదు.

‘జంతువులకు ఆహారం పెట్టరాదు’ అన్న బోర్డుల సంగతి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. మన దేశంలో బోర్డు పాతడంతోనే అధికారుల విధి ముగుస్తుంది. ఆ తరువాత దానికి ఆనుకొని నిలబడే చిరుతిళ్లు అమ్ముకోవచ్చు. చేయలేక కాదు. అదే అండమాన్‌లో, 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానంలోని జాలీబాయ్ ద్వీపానికి ప్లాస్టిక్‌ను రానివ్వరు. పడవ ఎక్కకముందే సంచులు వెతుకుతారు, నీళ్ల సీసాకు డబ్బు కట్టించుకొని, తిరిగి తెచ్చి చూపిస్తేనే వాపసు ఇస్తారు. సీసాను ఆపగలిగిన వ్యవస్థ ఒక బిస్కెట్ పొట్లాన్ని ఆపలేదంటే నేను నమ్మను.

వ్యాసంలోని మిగతా సాహసాలూ ఈ తీరులోనే ఉన్నాయి. పోటు తీసిన వేళ బయటపడిన ‘రాళ్ల’ మీద నిలబడి ఆమె దిగిన రెండో ఫోటో చూడండి. కాళ్ల కింద ఉన్నవి రాళ్లు కావు, పగడాలు. దిబ్బలు కట్టే ఆ పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో, పులిని చేర్చిన మొదటి షెడ్యూల్లోనే ఉన్నాయి. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు పెద్దఎత్తున తెల్లబడి చచ్చిపోయాయి. మిగిలినవాటి మీద చెప్పులతో నడవమని మనం ప్రోత్సహిస్తున్నాం.

మరోచోట, మనుషుల అలికిడి లేని తీరం కనిపించగానే ఒంటరిగా ఈతకు దిగానని గర్వంగా రాశారు. అండమాన్‌లోని మడ అడవుల వాగుల్లో ఉప్పునీటి మొసళ్లున్నాయి. అదే 2010లో, అప్పటికి హేవ్‌లాక్ అని పిలిచే ద్వీపంలో, సముద్రంలో ఈదుతున్న ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి బారిన పడి మరణించారు. ఒంటరిగా వెళ్లదలచిన ఆడపిల్లలకు స్ఫూర్తినిచ్చే వ్యాసమని మీరు శీర్షిక కింద రాసుకున్నారు. వారికి నిజంగా పనికొచ్చే ఈ ఒక్క వాక్యానికి మీ పేజీలో చోటు దొరకలేదు, దుప్పి ఫోటోకు మాత్రం అర పేజీ దొరికింది.

దుప్పి ఫోటో తీసిన ఆ ద్వీపంలోని శిథిలాలను ‘సెల్ఫీకి అద్భుతమైన నేపథ్యం’ అనడం గురించి కూడా చెప్పక తప్పదు. మర్రి ఊడలు చుట్టేసిన ఆ చర్చి, నాట్యశాల, రొట్టెల బట్టీ ఉన్న దొరల పట్టణం కోసం అడవి నరికి నేల చదును చేసింది 1857 తిరుగుబాటు తరువాత ద్వీపాంతరం పంపిన ఖైదీలు. మన మన్యం నుంచి అల్లూరి సీతారామరాజు అనుచరులను సైతం ఆ కాలాపానీకే తరలించారు. తెలుగు పత్రికలో, తెలుగువారి కోసం రాసిన వ్యాసంలో ఆ ఊసే లేదు. ఒకప్పుడు యాత్రా కథనాన్ని అచ్చుకు పంపే ముందు ఆ ప్రాంతం తెలిసినవారి చేత ఒకసారి చదివించేవారు. ఇప్పుడు ఫోటో బాగుంటే చాలునన్నట్టుంది.

వచ్చే అనుబంధంలో, ఆ ఫోటో వేసినంత మేరా, ద్వీపాల్లో జంతువులకు ఏం పెట్టకూడదో, ఏ నీళ్లలో దిగకూడదో, దేని మీద కాలు మోపకూడదో రాయించండి. ఆ వ్యాస రచయిత్రి చేతనే రాయించినా సంతోషమే. ఆమెకు రాయడం వచ్చు.

ఇట్లు,
మీ పాత చందాదారు