టర్బో కన్నా ముందు ఇంజిన్ చూడండి

సంపాదకులకు,

చెన్నైలో పాత విడిభాగాలు అమ్మే పుదుపేటలో పాత టర్బోలు (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో ఎక్కించే పరికరాలు) కొని మన కుర్రాళ్లు పాత పెట్రోల్ కార్లకు బిగించేస్తున్నారు. డబ్బు ముందు ఇంజిన్ మీద పెట్టాలి. ఇంజిన్ వేడిగా ఉండగా, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి కంప్రెషన్ టెస్ట్ (ఇంజిన్‌ను స్టార్టర్‌తో తిప్పి ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి ఎంతో కొలిచే పరీక్ష) చేయించండి. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటితే టర్బో మాట ఎత్తకండి. 9:1 కంప్రెషన్ ఉన్న (అంటే సిలిండర్‌లోని గాలిని తొమ్మిదో వంతుకు నొక్కే) ఇంజిన్‌కు 5 పీఎస్ఐ బూస్ట్ (టర్బో అదనంగా ఇచ్చే గాలి ఒత్తిడి) చాలు.

అసలు ప్రమాదం నాకింగ్, అంటే సిలిండర్‌లో పెట్రోల్ అదుపు తప్పి దానంతటదే పేలడం. బూస్ట్‌లో పెట్రోల్ చాలకపోయినా, ఇగ్నిషన్ టైమింగ్ తగ్గించకపోయినా (స్పార్క్ కాస్త ఆలస్యంగా పడేలా చేయకపోయినా) నాకింగ్ వచ్చి పిస్టన్‌లో రింగుల మధ్య గట్లు విరుగుతాయి. మన ఎండల్లో ఈ ముప్పు మరీ ఎక్కువ. అందుకే ఎక్కువ పెట్రోల్ చిమ్మే పెద్ద ఇంజెక్టర్లు, ఒక మెట్టు చల్లని (వేడిని త్వరగా వదిలే) స్పార్క్ ప్లగ్గులు కావాలి. ప్లగ్ గ్యాప్ 0.7 మి.మీ. ఉంచండి. టర్బో నుంచి ఆయిల్ తిరిగొచ్చే రిటర్న్ గొట్టం లావుగా ఉండి, వాలుగా వచ్చి సంప్‌లో (ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టిలో) ఆయిల్ మట్టానికి పైన కలవాలి, లేదంటే టర్బో సీళ్లు కారి నీలిపొగ వస్తుంది. టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పాతదైనా ఫర్వాలేదు, గాలి, పెట్రోల్ పాళ్లు చూపే వైడ్‌బ్యాండ్ మీటర్ మాత్రం కొత్తదే కొనండి.

— ఒక పాఠకుడు, చెన్నై