వంటల పేజీలో కొలతలు గ్రాముల్లో ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో వంటల పేజీని నేను వదలకుండా చదువుతాను. కేకులు, స్వీట్లు చేసి అమ్మడం, నేర్పడం నా పని. రాజమండ్రిలో మా ఇంటి నుంచే చేస్తాను. ఆ పేజీ విషయంలో మిమ్మల్ని ఒక్కటి గట్టిగా అడగాలని రాస్తున్నాను. కేకులకి, పాకం పట్టే స్వీట్లకి కొలతలు దయచేసి గ్రాముల్లో ఇవ్వండి. టిన్ను సైజు, ఓవెన్ ఎన్ని డిగ్రీలు పెట్టాలి, ఎన్ని నిమిషాలు ఉంచాలి, అవి కూడా రాయండి. "మైదా 2 కప్పులు, చక్కెర 1 కప్పు, బేకింగ్ పౌడర్ కొద్దిగా, అన్నీ కలిపి ఓవెన్‌లో బేక్ చేసుకోవాలి" అని వదిలేస్తే చదివినవాళ్లకి కేకు రాదు, సరుకు పోతుంది. వెన్న, గుడ్లు, చాక్లెట్ ఇప్పుడు ఏ రేట్లలో ఉన్నాయో మీకు తెలియనిది కాదు.

నా దగ్గర క్లాసుకి వచ్చే ఆడవాళ్లు చాలామంది మొదట చెప్పే మాట, "పేపర్లో చూసి చేశానండి, రాయిలా వచ్చింది, నా చేతికి కేకు రాదేమో" అని. చేతిదేమీ తప్పు కాదమ్మా, అక్కడ కొలతే లేదు అని చెప్పి కాటా ముందు కూర్చోబెడితే, మొదటి రోజే మెత్తటి స్పాంజ్ తీస్తారు. అప్పుడు వాళ్ల మొహాలు చూస్తే మాత్రం నాకు కోపం వస్తుంది, ఇంతకాలం వీళ్లు తమనే తిట్టుకుంటూ ఎందుకు కూర్చున్నారని.

కప్పు సంగతే చూడండి. రెసిపీల్లో కప్పు అంటే సుమారు 240 మిల్లీలీటర్ల కొలత పాత్ర, మన ఇంట్లో కప్పు అంటే కాఫీ కప్పు, అది ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు. సరే, కొలత కప్పే కొనుక్కున్నారనుకుందాం. ప్యాకెట్‌లో ముంచి తీస్తే మైదా 150 గ్రాముల దాకా పడుతుంది, అదే స్పూనుతో వదులుగా నింపి పైన చాకుతో చదును చేస్తే 120, 125 గ్రాములే ఉంటుంది. రెండు కప్పుల దగ్గరికి వచ్చేసరికి 50 గ్రాములు తేడా. చిన్న కేకు గట్టిపడటానికి అది చాలు. కాటా మీద 250 గ్రాములు అంటే మాత్రం రాజమండ్రిలో అయినా డల్లాస్‌లో ఉన్న మా ఆడపడుచు వంటింట్లో అయినా 250 గ్రాములే.

"ఫ్రెష్ క్రీమ్‌ని నురగ వచ్చేదాకా గిలక్కొట్టాలి" అన్న మాట కూడా తరచూ కనిపిస్తుంది. కిరాణా షాపులో చిన్న టెట్రా ప్యాక్‌లో దొరికే ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతం దగ్గర ఉంటుంది, అది కూరల్లో, ఫ్రూట్ సలాడ్‌లో వేసుకోవడానికి బాగుంటుంది. ఎంతసేపు గిలక్కొట్టినా పూలు వేసేంత గట్టిదనం దానికి రాదు. విప్ అవ్వాలంటే కొవ్వు 30 శాతం దాటాలి, 35 ఉంటే నిశ్చింత. బేకరీల వాళ్లు, మాలాంటివాళ్లు ఎక్కువగా వాడేది నాన్ డెయిరీ విప్పింగ్ క్రీమ్, వెజిటబుల్ ఫ్యాట్‌తో చేసింది, గడ్డకట్టి వస్తుంది. దాన్ని ముందు రోజే డీప్ ఫ్రీజర్ నుంచి తీసి ఫ్రిజ్‌లో కింద పెట్టి కరగనిచ్చి, ఇంకా చల్లగా ఉండగానే బీటర్ పెట్టాలి. మే నెలలో మా ఊళ్లో అయితే గిన్నె, బీటర్ పుల్లలు కూడా ఫ్రిజ్‌లో పెట్టి తీస్తాం. ఏ క్రీమో రెసిపీలో ఒక్క లైను రాస్తే ఎంతమంది డబ్బు మిగులుతుందో ఆలోచించండి.

కార్తీక మాసం వచ్చిందంటే నాకు ఎగ్‌లెస్ ఆర్డర్లే ఎక్కువ, పేపర్లలోనూ ఎగ్‌లెస్ కేకులే వస్తాయి. గుడ్డు బదులు పెరుగు వేసుకోవచ్చు అంటారు. వేసుకోవచ్చు. కానీ పెరుగులో పులుపు బేకింగ్ సోడాకి తగలగానే గ్యాస్ పుట్టడం మొదలవుతుంది, కేకుని పొంగించేది అదే. పిండి కలిపేసి ఆ తర్వాత ఓవెన్ ఆన్ చేసి, అది వేడెక్కేదాకా గట్టు మీద ఉంచితే ఆ గ్యాస్ సగం గిన్నెలోనే పోతుంది. ఓవెన్ 180 డిగ్రీలకి వచ్చాకే తడి సరుకు, పొడి సరుకు కలపాలి, కలిపిన వెంటనే లోపల పెట్టాలి. బేకింగ్ సోడా, బేకింగ్ పౌడర్ ఒకదాని బదులు ఒకటి వేసుకోవచ్చన్నట్టు రాయడం కూడా ఆపాలి. పౌడర్‌లో సోడాతో పాటు పులుపు పదార్థం, కొంచెం గంజి పొడి కలిసి ఉంటాయి, సోడా దానికంటే చాలా ఘాటు. పౌడర్ చోట అంతే సోడా వేస్తే సబ్బు వాసన వస్తుంది, పిల్లలు ఒక ముక్క కూడా తినరు.

ఓవెన్ల గురించి ఎక్కువ రాయను. కొందరికి ఓటీజీ, అంటే కరెంటు మీద నడిచే చిన్న ఓవెన్ ఉంది, కొందరికి కన్వెక్షన్ మైక్రోవేవ్, చాలా ఇళ్లలో ఇంకా ఇసుకో ఉప్పో పోసిన మందపాటి గిన్నె, మూడింటికీ టైము ఒకటి కాదు. కనీసం టిన్ను ఎన్ని అంగుళాలో చెబితే మిగతాది వాళ్లు సర్దుకుంటారు.

ఇక స్వీట్లు. నాకు బాధ కలిగేది ఇక్కడే, ఎందుకంటే ఇది మన సొంత విద్య. "బెల్లం పాకం వచ్చాక పిండి పోసి కలపాలి" అని రాస్తారు. ఏ పాకం? గులాబ్ జామూన్‌కి వేళ్లకి జిగురుగా తగిలితే చాలు, మైసూర్ పాక్‌కి తీగ పాకం కావాలి, అరిసెలకి ఉండ పాకం. అరిసెల పాకం కొంచెం లేతగా దింపితే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే పళ్లకి గట్టి. పళ్లెంలో నీళ్లు పోసి పాకం చుక్క వేసి, వేళ్లతో దగ్గరికి తెస్తే మెత్తటి ఉండ కట్టాలి, మా ఇంట్లో అమ్మమ్మ కాలం నుంచీ చూసేది ఇలాగే. క్లాసులో నేను పక్కనే థర్మామీటర్ కూడా పెడతాను, చక్కెర పాకం 112 నుంచి 116 డిగ్రీల మధ్యకి వచ్చేసరికి ఆ ఉండ కడుతుంది. రెండూ కలిపి చూసినవాళ్లకి భయం పోతుంది, తర్వాత థర్మామీటర్ లేకపోయినా కంటికి తెలుస్తుంది.

అరిసెల్లో ఇంకో చిక్కు పిండి. "బియ్యప్పిండి 4 కప్పులు" అని ఉంటుంది, చదివిన అమ్మాయి షాపులో పొడి పిండి ప్యాకెట్ తెచ్చి పోస్తుంది. బియ్యం కనీసం ఒక రాత్రంతా, వీలైతే పూర్తి రోజు నానబెట్టి, నీళ్లు ఓడ్చి, తడి ఆరకముందే ఆడించిన పిండితో చేస్తేనే అరిసె అవుతుందని ఆ అమ్మాయికి ఎవరు చెప్పారు? తడి పిండిని కప్పుతో కొలిస్తే నొక్కినదాన్ని బట్టి మారిపోతుంది, అందుకే నానబెట్టకముందు బియ్యం ఎంతో అది తూచి రాయాలి. మేం కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం వేస్తాం, తీపి ఎక్కువ కావాలనుకునేవాళ్లు ఇంకొంచెం పెంచుతారు.

పాతవాళ్లకి కొలతలే లేవు, అంతా కంటి చూపే అని అంటుంటారు, నేను ఒప్పుకోను. సోల, గిద్దె, తవ్వ కొలతలు కావా? ఇంట్లో ఏళ్ల తరబడి ఒకటే సోలతో కొలిచేవాళ్లు, ఒకటే మూకుడులో వండేవాళ్లు, కాబట్టి వాళ్లకి ప్రతిసారీ ఒకేలా వచ్చేది. ఆ గిన్నె మనకి లేదు, కాబట్టి మనకి కాటా కావాలి. అన్నీ కాటాతో వస్తాయని కూడా నేను అనను. మా పక్కనే ఉన్న ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, కాగే కుండ మీద పిండిలో ముంచిన బట్ట అలా పరిచి లాగి రేకు తీసే ఆ చేతివాటం ఏ పేపరూ ముద్రించలేదు. అటువంటి వాటిని ఇంట్లో పది నిమిషాల్లో చేసుకోండి అని రాయకుండా ఉంటే అదే వాళ్లకి మర్యాద.

క్లాసుల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే పేపర్లో చూసి రానివాళ్లు తర్వాత వెళ్లేది అక్కడికే. ఒక్క రోజులో పది రకాల కేకులు, చివర్లో సర్టిఫికెట్ అని ప్రకటనలు వస్తాయి. హాల్లో నలభై మంది కుర్చీల్లో కూర్చుని చూస్తారు, ముందున్న మేడమ్ గారు ప్రీమిక్స్ అని ముందే కలిపి ఉంచిన తెల్ల పొడి గిన్నెలో పోస్తారు, అందులో ఏముందో చెప్పరు, అది వాళ్ల దగ్గరే కొనుక్కోవాలి. ఫీజు కట్టి అలా చూసి వచ్చినవాళ్లు నా దగ్గరికి వచ్చినప్పుడు కాటా మీద గిన్నె పెట్టి సున్నా చేయడం కూడా తెలియదు. వాళ్లు అప్పు చేసి ఓవెన్ కొనేసి ఉంటారు, అదీ నా బాధ. నేర్పేవాళ్లు పిండి తూచనివ్వాలి, పాకం చూడనివ్వాలి, మాడితే మాడనివ్వాలి. గ్రామాల్లో ఉన్న అమ్మాయిలు అయితే ముందు తమ జిల్లాలో బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థకి వెళ్లి ఏ కోర్సులు ఉన్నాయో అడగండి, అక్కడ శిక్షణ ఉచితం, భోజనం, వసతి కూడా ఇస్తారు. ఈ సంగతి మీ పేపర్లో ఒక బాక్సు కట్టి వేస్తే ఎంతోమందికి మేలు.

పార్టీలకి కేకు ఇచ్చేటప్పుడు కూడా నాకు కొలతతోనే పని. పిల్లాడి పుట్టినరోజుకి ముప్పై మంది వస్తారంటే కిలో కేకు చాలదని చెప్పేస్తాను, కిలోకి పది పన్నెండు ముక్కలే సరిగ్గా వస్తాయి. రెండంతస్తుల కేకు అయితే లోపల కర్రపుల్లలు ఎక్కడ ఉన్నాయో కోసేవాళ్లకి చూపించి వస్తాను. బంధువులు వచ్చేదాకా కేకుని హాల్లో లైట్ల కింద రెండు గంటలు పెట్టొద్దని, పైన నురగ స్ప్రే కొట్టొద్దని బతిమాలుతాను. వెలుగుతున్న కొవ్వొత్తుల దగ్గర ఆ స్ప్రే అంటుకుంటుంది, కేకు మీద పడ్డ నురగ పిల్లల కడుపులోకి వెళ్తుంది.

అన్నిటికంటే ముఖ్యం రంగు. "ఎరుపు రంగు తగినంత" అని మీ పేజీలో రాస్తే, తగినంత అంటే ఎంత? మన దేశంలో అనుమతి ఉన్న కృత్రిమ రంగులకే కిలో పదార్థానికి 100 మిల్లీగ్రాములు మించకూడదని పరిమితి ఉంది, వంటింట్లో చిటికెడు పొడి వేస్తే అది ఇట్టే దాటిపోతుంది. 2024లో కర్ణాటక ఆహార భద్రత అధికారులు బెంగళూరులో 235 కేకు నమూనాలు పరీక్షిస్తే 12 సురక్షితం కాదని తేలింది, కారణం కృత్రిమ రంగులే, రెడ్ వెల్వెట్, బ్లాక్ ఫారెస్ట్ లాంటివి అందులో ఉన్నాయి. మన తెలుగు ఊళ్లలో పుట్టినరోజులకి ఎక్కువగా అడిగేవి కూడా అవే కదండీ. నేను రెడ్ వెల్వెట్‌కి బీట్‌రూట్ పొడి కలుపుతాను, ఎరుపు కొంచెం డల్‌గా వస్తుంది, ముందే ఫొటో చూపించి ఒప్పుకుంటేనే ఆర్డర్ తీసుకుంటాను. ముదురు నీలం, నలుపు క్రీములు అడిగితే వద్దని చెప్పేస్తాను, ఆర్డర్ పోయినా సరే. ఇంటి నుంచి అమ్మేవాళ్లకైనా దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు ఉందా అని కొనేవాళ్లు అడగాలి, అడిగితే నాలాంటివాళ్లం ఎవరం చిన్నబుచ్చుకోము.

సంక్రాంతి ప్రత్యేక పేజీలకి మీకు రెసిపీలు ముందుగానే వస్తాయి కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను. అరిసెలు, సున్నుండలు, కజ్జికాయలు పంపినవాళ్లకి ఒక్కసారి ఫోన్ చేసి, బియ్యం ఎన్ని గ్రాములు, ఎంతసేపు నానబెట్టారు, బెల్లం ఎంత, ఏ పాకం, ఎన్ని అరిసెలు వచ్చాయి అని అడిగి అవి కూడా వేయించండి. చోటు చాలదంటే ఫొటో కొంచెం చిన్నది చేసినా మాకు ఫర్వాలేదు.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక హోమ్ బేకర్,
రాజమహేంద్రవరం