ఉగాది నుంచి సైట్లో టీ, నీళ్ళు, అంబలి పూచీ మాదే

ఒడిశాలోని పర్లాకిమిడిలోనూ, సరిహద్దు దాటి ఆంధ్రాలోని పాతపట్నం వైపూ మా చేత ఇల్లు కట్టించుకుంటున్నవారికీ, ఈ ఏడు మొదలుపెట్టబోతున్నవారికీ నమస్కారం.

ఉగాది నుంచి మా అగ్రిమెంటులో ఒక కొత్త మాట చేరుతోంది. పనివాళ్ళకు మంచినీళ్ళు, రెండు పూటలా టీ, పొద్దుటి అంబలి కాంట్రాక్టరే, అంటే మేమే, ఇవ్వాలి. అందుకోసం లేబర్ రేటు చదరపు అడుగుకు 12 రూపాయలు పెంచుతున్నాం. ఎందుకు పెంచుతున్నామో, ఆ డబ్బు ఎటు పోతుందో, మీ నుంచి ఏం కావాలో దాచకుండా చెప్పడానికే ఇది రాస్తున్నాను.

శంకుస్థాపన అయ్యాక ఇంటివాళ్ళు నన్ను పక్కకు పిలిచి అడిగే మొదటి మాట దాదాపు ఒకటే. "మేస్త్రీగారూ, వీళ్ళకి రోజూ టీ ఇవ్వాలాండీ? ఎన్నిసార్లు? టిఫిను కూడా పెట్టాలా?" ఇన్నాళ్ళూ నేను "మీ ఇష్టమండీ" అనేవాడిని, అందరు కాంట్రాక్టర్లూ అనేది అదే. దానివల్ల ఇంటివాళ్ళకు తెగని టెన్షన్. ఒకరోజు ఇస్తే మర్నాడు ఎదురుచూస్తారని, ఇవ్వకపోతే వీధిలో ఏమనుకుంటారోనని. మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడ ఒక్కరే ఇంట్లో ఉండి పదిమందికి టీ కాచి, పళ్ళెం పట్టుకుని ఇసక కుప్పలు దాటి రావడం నేను చూశాను. కొన్ని ఇళ్ళ యజమానులు విశాఖలోనో భువనేశ్వర్లోనో ఉద్యోగాల్లో ఉంటారు. అక్కడ గ్లాసుడు నీళ్ళిచ్చే మనిషే ఉండరు. మావాళ్ళు ఒక్కొక్కరూ టీ కొట్టుకు వెళ్ళి వచ్చేసరికి అరగంట పోతుంది, కలిపిన సిమెంటు మాలు తట్టలోనే బిగుసుకుంటుంది. ఒక సైట్లో మూడుసార్లు టీ, ఇంకో సైట్లో ఎండలో గొంతు తడుపుకోవడానికి పక్కింటి గేటు కొట్టడం. ఒకే ముఠా, ఒకే కూలి, ఒకే పని. ఇది న్యాయంగా లేదు.

మీరు ప్రేమతో ఇచ్చే టీ వేరు, మనిషి పని చెయ్యడానికి కావలసిన నీళ్ళు వేరు. మొదటిది మీ మర్యాద. రెండోది పనికి పిలిచినవాడి బాధ్యత, అంటే నాది. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చిన చట్టం కూడా తాగునీటిని యజమాని బాధ్యతగానే పెట్టింది. తాగునీళ్ళు పెట్టే చోటు మరుగుదొడ్డికీ, కడుక్కునే చోటుకీ కనీసం ఆరు మీటర్ల దూరంలో ఉండాలని, అక్కడ 'తాగునీళ్ళు' అని పనివాళ్ళకు తెలిసిన భాషలో రాసి ఉండాలని అందులో పెట్టారు. ఆ చట్టం రాసింది పదిమంది గానీ అంతకు మించి గానీ పనిచేసే పెద్ద సైట్లను దృష్టిలో పెట్టుకుని. మన ఇళ్ళ దగ్గర చాలా రోజులు ఐదారుగురే ఉంటారు. అయినా ఎండ అదే, దాహం అదే.

మన వైపు ఎండ గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1998లో వడగాలులకు ఒడిశాలో రెండు వేల మందికి పైగా పోయారు. ఆ తర్వాతనే ప్రభుత్వం దీన్ని విపత్తుగా చూడటం మొదలుపెట్టింది. ఇప్పుడు ప్రతి వేసవీ పగలు 11 నుంచి 3 దాకా బయట పని చేయించవద్దని చెబుతారు. మేమూ ఏప్రిల్ నుంచి వానలు పడేదాకా పొద్దున్న 6కే మొదలుపెట్టి 11కి ఆపేస్తాం, మళ్ళీ మూడున్నరకి ఎక్కుతాం. "మధ్యాహ్నం మీవాళ్ళు చెట్టుకింద పడుకున్నారు" అని ఫోన్ వస్తే దయచేసి ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఎండలో బరువు మోసే మనిషి దాహం వేసేదాకా ఆగకూడదు. పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు తాగుతూ ఉండాలి. చెమట ధారగా పోయేవాళ్ళకు ఉప్పు కూడా కావాలి. అందుకని వేసవిలో మధ్యాహ్నపు టీ ఉండదు, దాని బదులు ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ గానీ నిమ్మకాయ నీళ్ళు గానీ ఉంటాయి. ఓఆర్‌ఎస్ పొట్లాలు సూపర్‌వైజర్ సంచిలో ఉంటాయి. పెద్ద పొట్లమైతే ఒక లీటరు నీళ్ళలో కలపాలి, చిన్న గ్లాసులో కాదు. ఈ ముక్క మావాళ్ళకే పదే పదే చెప్పాల్సి వస్తోంది.

నీళ్ళ విషయంలో సైట్లో జరిగేది ఇంటివాళ్ళకు తెలియదు. గోడలకు నీళ్ళు కట్టడానికి నీలం డ్రమ్ము పెడతాం. దాని మీద ఒక మగ్గు తేలుతుంటుంది. అదే మగ్గుతో మాలులో నీళ్ళు పోస్తారు, తాపీ కడుగుతారు, చేతులు కడుగుతారు, చివరికి అదే ఎత్తి తాగుతారు. డ్రమ్ము అడుగున సిమెంటు బురద తెల్లగా పేరుకుని ఉంటుంది. తడి సిమెంటు గట్టి క్షారం, చర్మాన్నే కాలుస్తుంది. రోజంతా మాలు కలిపినవాళ్ళ వేళ్ళ చివర్లు చూడండి, చిట్లి ఉంటాయి. ఆ వేళ్ళతో వేడి స్టీలు గ్లాసు పట్టుకోలేక తువ్వాలు కొస చుట్టుకుని తాగుతారు. ఇక నుంచి ప్రతి సైట్లో తాగడానికి వేరే మట్టి కుండ, కింద ఇసక, పైన తడిగుడ్డ, పొడుగు కాడ ఉన్న గరిటె ఉంటాయి. కుండ మీద తెలుగులోనూ ఒడియాలోనూ రాయిస్తున్నాం. దాని పక్కనే సబ్బు. చేతులు కడుక్కోకుండా అంబలి గిన్నె ముట్టకూడదని పెద్ద మేస్త్రీకీ చెప్పాం, కలాసీకీ చెప్పాం.

ఆడకూలీలు నీళ్ళు తాగరు. చాలా ఏళ్ళు అది వాళ్ళ అలవాటనే అందరూ అనుకున్నారు. అలవాటు కాదు. తాగితే వెళ్ళాలి, వెళ్ళడానికి చోటు లేదు. పొద్దున్న ఇంటి దగ్గర తాగిన నీళ్ళతోనే తట్టలు మోసి, సాయంత్రం ఇంటికి పోయి మళ్ళీ తాగుతారు. మంటలు, జ్వరాలు, తలనొప్పులు అని నాగాలు పెడితే "వీళ్ళు సరిగ్గా రారు" అంటాం. మనం కుండలు ఎన్ని పెట్టినా టాయిలెట్ లేకపోతే వాళ్ళకు ఉపయోగం లేదు. పునాది తవ్వడానికి ముందే స్థలంలో ఒక మూల రేకులతో మరుగు కట్టి, గుంట తీసి, నీళ్ళు పెట్టే పని ఇప్పుడు మా పనుల్లో మొదటిది. పాత ఇల్లు పక్కనే ఉంటే పెరటి టాయిలెట్ వాడుకోనివ్వండి. శుభ్రంగా ఉంచే పూచీ నాది. ఇది కుదరదన్న ఇంటి పని ఇక మేము ఒప్పుకోం.

గ్లాసుల సంగతి చెప్పడం కష్టంగానే ఉంది, కానీ చెప్పాలి. మా ముఠాలో పాతపట్నం, మెళియాపుట్టి వైపు నుంచి వచ్చే తాపీ మేస్త్రీలున్నారు, గుమ్మ, సెరంగో వైపు కొండల నుంచి దిగివచ్చే సవర గిరిజనులున్నారు, ఇక్కడి పేటలవాళ్ళున్నారు. కొన్ని ఇళ్ళలో మేస్త్రీకి, సెంట్రింగ్ వాళ్ళకి స్టీలు గ్లాసుల్లో టీ వస్తుంది, కూలీలకు కాగితం కప్పుల్లో. ఒక ఇంట్లో నీళ్ళు పైనుంచి పోస్తే ఆడవాళ్ళు దోసిలి పట్టి తాగారు. వాళ్ళెవరూ నాతో ఏమీ అనలేదు. మర్నాడు వాళ్ళలో ఒకామె కొంగు ముడిలో సొంత గ్లాసు తెచ్చుకుంది. పక్కనే ఉన్న మేస్త్రీ అది చూసి తన స్టీలు గ్లాసు గట్టు మీద పెట్టేసి, ఆ పూట టీ తాగలేదు. ఆ ఇంటివాళ్ళు చెడ్డవాళ్ళు కారు, కూలి ఎప్పుడూ ఆలస్యం చెయ్యలేదు. పెద్దల నుంచి వచ్చినదాన్ని అలాగే చేస్తూ పోయారు. కానీ అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణంలో రద్దు చేసి 75 ఏళ్ళు దాటిపోయింది. నా కింద పనిచేసే మనిషి నా కళ్ళ ముందు తలొంచుకుంటే ఆ ఇల్లు ఎంత బాగా కట్టినా నాకు తృప్తి ఉండదు. కాబట్టి మా సైట్లో అందరికీ ఒకే రకం గ్లాసులు, అవి మేమే తెస్తాం, మేమే కడుక్కుంటాం. మీరు టీ ఇచ్చినా మా గ్లాసుల్లోనే పోయండి. మేస్త్రీకి వేరుగా ఇవ్వవద్దు, నాకూ వద్దు.

టీతో పాటు అంబలి ఎందుకని కొందరు అడిగారు. కొండ ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు చీకటితోనే బయల్దేరతారు. చాలామంది ఖాళీ కడుపుతో వచ్చి, తియ్యటి టీ ఒకటి తాగి, మధ్యాహ్నం దాకా దానితోనే ఇటుకలు మోస్తారు. రోజుకు నాలుగైదు టీలతో ఆకలి చంపుకున్నవాళ్ళకు ఒంట్లో ఏం మిగులుతుంది? చోడి (రాగి) అంబలి వాళ్ళకూ అలవాటే, మనకూ అలవాటే. రాత్రి చోడి పిండి నానబెట్టి, పొద్దున్న నూకలతో ఉడికించి, చల్లార్చి మజ్జిగ, ఉప్పు కలిపి ఒక క్యానులో తెస్తారు. పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, సీజన్లో మామిడికాయ ముక్క. తొమ్మిదిన్నరకి ఒక గిన్నె తాగిన మనిషి మధ్యాహ్నం దాకా పరంజా మీద కళ్ళు తిరగకుండా నిలబడతాడు. వండిపెట్టేది మా దగ్గర ఇదివరకు తట్టలు మోసిన ఒక అక్క. నడుం నొప్పితో ఆ పని మానేసింది. ఇప్పుడు ఇదే ఆమెకు జీతం.

లెక్క చెబుతాను. చిన్న ఇల్లు వెయ్యి చదరపు అడుగులనుకోండి. సగటున రోజుకు ఆరేడుగురు, మొత్తం నూట ఇరవై పనిదినాల దాకా పడుతుంది. టీ కొట్లో కప్పు 10 రూపాయలు. మేమే కాచుకుంటే అందులో సగం. టీ, అంబలి, మజ్జిగ, నిమ్మకాయలు, గ్యాస్, సబ్బు, వండే ఆమె కూలిలో ఈ సైటు వాటా అన్నీ కలిపి రోజుకు వంద రూపాయల చుట్టూ వస్తోంది, ఇంటి మొత్తం మీద పన్నెండు వేలు. అదే చదరపు అడుగుకు 12. ఇందులో నాకు లాభం లేదు. మాలు పాడవడం, కొట్టుకు తిరగడం తగ్గితే మీకు రోజులు కలిసివస్తాయి, అది వేరే.

స్లాబు రోజు మాత్రం మీదే. ఆ రోజు ఇంటివాళ్ళు పెట్టే భోజనం మన వైపు ఆచారం, దాన్ని మేము తియ్యం, తియ్యాలనీ లేదు. కాకపోతే కొన్ని కోరికలు. కాంక్రీటు కలిపే మిల్లర్ తిరగడం మొదలయ్యాక అందరినీ ఒకేసారి టీకి పిలవకండి. సిమెంటులో నీళ్ళు పడ్డాక గట్టిపడటం మొదలయ్యేలోపు కాంక్రీటు దాని చోట పడిపోవాలి. ఎండలో అది ఇంకా త్వరగా బిగుస్తుంది. మధ్యలో ఆపితే పాతదీ కొత్తదీ కలవక సందు పడుతుంది, పైకి కనిపించదు గానీ తర్వాత వానాకాలంలో అక్కడే కారుతుంది. అందుకని ముగ్గురు నలుగురు చొప్పున మేమే వంతులు వేసి పంపిస్తాం. భోజనం పని పూర్తయ్యాకే పెట్టండి, ఆలస్యమైనా పరవాలేదు. మధ్యలో అరటిపళ్ళు, ఉప్మా లాంటివి చాలు. కార్తీకంలో స్లాబు పడితే కోడికూర వండే ముందు ఒక్కమాట అడగండి. ఒడియావాళ్ళలో చాలామంది ఆ నెలంతా నీచు ముట్టరు. సవరల్లో చాలామంది క్రైస్తవులు, కొబ్బరికాయ కొట్టి ఇచ్చిన ప్రసాదం కొందరు తీసుకోరు. అది మీ మీద అగౌరవం కాదు. వాళ్ళకు విడిగా ఒక పండు ఇస్తే సంతోషంగా తీసుకుంటారు.

మందు ఖర్చు మాత్రం ఇవ్వకండి. స్లాబు రోజున సీసాలో, వాటికి డబ్బులో అడగడం ఆనవాయితీ అయిపోయింది, ఇవ్వకపోతే స్లాబు కారుతుందని భయపెట్టేవాళ్ళూ ఉన్నారు. మా ముఠాలో ఎవరైనా అలా అంటే అదే రోజు నాకు చెప్పండి. సంతోషంగా ఏదైనా ఇవ్వాలనుకుంటే తలా ఒక తువ్వాలు, ఆడవాళ్ళకు చీర, లేదా ఇంటికి తీసుకెళ్ళేలా స్వీటు పొట్లం ఇవ్వండి. డబ్బయితే అందరికీ సమానంగా, అందరి ముందూ, చేతికే ఇవ్వండి. నా చేతికీ మేస్త్రీ చేతికీ వద్దు.

మామూలు రోజుల్లో కూడా మీకు ఇవ్వాలనిపిస్తే ఆపం. పండగ పూట అరిసెలో, చెట్టున కాసిన జామకాయలో, ఏదైనా సరే. సాయంత్రం పని దిగే వేళకు ఇస్తే హాయిగా కూర్చుని తింటారు, మీతో నాలుగు మాటలు చెబుతారు. ఆ గోడ కట్టిన మనిషి ఏ ఊరివాడో మీకూ తెలుస్తుంది.

ఇప్పటికే అగ్రిమెంటు రాసుకున్నవారికి రేటు మారదు. మీ సైట్లోనూ ఉగాది నుంచే కుండ, టీ, అంబలి మొదలవుతాయి, ఆ తేడా మేము భరిస్తాం. ఎస్టిమేటు దశలో ఉన్నవారు 12 రూపాయలు ఎక్కువనిపిస్తే నాతో మాట్లాడండి, టైల్స్ పనిలోనో పెయింటులోనో ఎక్కడ తగ్గించుకోవచ్చో కలిసి చూద్దాం. నీళ్ళూ టాయిలెట్ మాత్రం అందులోంచి తియ్యను. కొత్తగా మొదలుపెట్టేవారు ముగ్గు పోసే రోజుకు ముందు ఒక సాయంత్రం స్థలానికి వచ్చి కుండకు నీడ ఏ వైపు ఉంటుందో, టాయిలెట్ ఏ మూలైతే మీకు ఇబ్బంది లేదో చూపించండి. ముందు ఆ రెండూ పూర్తిచేసి, ఆ మర్నాడు తవ్వకం మొదలుపెడతాం.